పిలిచేవాళ్లు లేని పేర్లు

మూడేళ్లుగా ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. ఎప్పటికి పూర్తవుతుందో అడగొద్దు. కృష్ణ సముద్రంలో కలిసే చోట, మన దివిసీమలాంటి ఒక ఊహా లంకలో కథ జరుగుతుంది. అక్కడి నీళ్లలో ఒక శక్తి ఉంటుంది. అమావాస్య రాత్రుళ్లు కరకట్ట మీదికొచ్చి మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తుంది. పలికినవాళ్లు తెల్లారేసరికి ఉండరు. అందరినీ పేరు పెట్టి పిలిచే ఆ శక్తికి ఒక పేరు కావాలి కదా. నేను అక్కడే ఆగిపోయాను.

ఫోన్‌లో ఒక జాబితా రాసుకున్నాను: జలకేశిని, తరంగాక్షి, వారుణిక, సాగరిక. మా స్నేహితుడికి చూపిస్తే, "ఇందులో రెండు పటమటలో అపార్ట్‌మెంట్ల పేర్లలా ఉన్నాయి, ఒకటి చీరల షాపు పేరులా ఉంది" అన్నాడు. కోపమొచ్చింది కానీ నిజమే. ఏ పేరులోనూ బురద వాసన లేదు. అప్పుడు చిన్నప్పుడు విన్న ఒక పేరు గుర్తొచ్చింది. సంక్రాంతికి అమ్మమ్మ పెద్దలకు బట్టలు పెట్టుకునేటప్పుడు, అందరివీ అయ్యాక, ఒక కొత్త చీర విడిగా చేటలో పెట్టి, పసుపూ కుంకుమా పక్కన ఉంచి, ఆ పేరు పలికి దణ్ణం పెట్టేది. ఏదో పాత గ్రామదేవత పేరనుకున్నాను. మూడక్షరాలు, చివర అమ్మ. పలికితే గొంతులో బరువుగా ఉంటుంది. ఇంకేం కావాలి? నీళ్ల శక్తికి ఆ పేరు పెట్టేసి నలభై పేజీలు రాశాను.

అమ్మమ్మ ఇప్పుడు విజయవాడలో మా దగ్గరే ఉంటోంది. డెబ్బై దాటాయి, చూపు తగ్గింది, చదివి వినిపిస్తే వింటుంది. మొన్న జనవరిలో ఆ నలభై పేజీలూ చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలోనే ఆపింది.

"ఏమే, ఆ పేరు నీకెవరు చెప్పారే?"

"నువ్వే కదా అమ్మమ్మా, పండక్కి చీర పెట్టేటప్పుడు అంటావు."

"అది దేవత కాదే. మా తోడికోడలు. ఉప్పెనలో పోయింది. సంకలో పిల్లాడితో సహా. మనిషి దొరకలేదు, అందుకని చీర పెట్టుకుంటున్నాం."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత తనే అంది: "నీళ్లు మింగేసిన మనిషిని పట్టుకుని, మనుషుల్ని మింగే నీళ్లను చేశావేంటే?"

1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన గురించి మా తరానికి తెలిసింది ఒక తేదీ, ఒక అంకె. ఆ అంకె దాదాపు పదివేలు. ఇంకా ఎక్కువేనని అక్కడివాళ్లు అంటారు. ఆ పదివేలలో ఒక మనిషి పేరుని, పాతకాలపు దేవత పేరులా వినసొంపుగా ఉందని తీసుకెళ్లి ఒక రాక్షసికి పెట్టాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఈ వ్యాసం రాయడానికి కారణమే అది.

* * *

ఫాంటసీ రాసేవాళ్లందరికీ ఈ పని తప్పదు. లోకాన్ని కట్టాలంటే ఆ లోకానికి దేవుళ్లు కావాలి, దేవుళ్లకి పేర్లు కావాలి. ఎక్కణ్నుంచి తేవాలి? ఉన్నవి తీసుకోవడానికి మనకి హక్కు ఉందా? లేనివి పుట్టిస్తే ఏ బాధ్యతా లేనట్టేనా? పైకి ఇవి రాసే పనికి సంబంధించిన ప్రశ్నల్లా కనిపిస్తాయి. నాకూ అలాగే కనిపించాయి, అమ్మమ్మ ఆ మాట అనేదాకా.

అసలు కృష్ణా డెల్టాలో దేవుళ్లకి పేర్లు ఎలా వచ్చాయో చూద్దాం. కూచిపూడి పక్కనే మొవ్వ. అక్కడి వేణుగోపాలస్వామిని పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య మువ్వగోపాలుడన్నాడు. ఆ పేరులో ఊరుంది, కాలి మువ్వా ఉంది. గోపాలుళ్లు ఎందరున్నా ఈ పేరున్నవాడు ఆ ఊరివాడే. పేరులోనే చిరునామా రాసేశారన్నమాట.

పెనుగంచిప్రోలు వెళ్తే మునేటి ఒడ్డున తిరుపతమ్మ ఉంటుంది. ఆవిడ పురాణాల్లోంచి రాలేదు. అత్తింట్లో అగచాట్లు పడిన కోడలు, భర్త గోపయ్యని పులి పొట్టన పెట్టుకుంటే అగ్నిలో ప్రవేశించిన మనిషి అని కథ. ఇప్పుడు లక్షలమంది తిరణాలకు వస్తారు. ఆ పేరు మాత్రం మారలేదు. తిరుపతి వెంకన్నకి మొక్కుకుంటే పుట్టిందని తల్లిదండ్రులు పెట్టుకున్న పేరే. ఉయ్యూరు వీరమ్మ తల్లి కూడా అంతే, ఒకింటి ఆడపిల్ల పేరుతోనే ఇప్పటికీ పూజలందుకుంటోంది. మన పక్క ఒక మనిషి దేవతైతే కొత్త పేరేమీ పెట్టరు. బతికుండగా ఇంట్లోవాళ్లు ఏమని పిలిచారో, ఊరంతా అలాగే పిలుస్తుంది.

ఇక మూడో రకం, అసలు పేరే పలకకపోవడం. మశూచికాన్ని "అమ్మవారు పోసింది" అనేవాళ్లు. రోగం పేరు ఎత్తితే పిలిచినట్టవుతుందని భయం. పొలంలో పాముని పాము అనరు, పురుగంటారు. మశూచికం భూమ్మీద లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రోగం పోయింది కానీ అమ్మవారు ఉంది. ఇవాళ ఆటలమ్మ పోసినా వేపమండలు గుమ్మానికి కడతారు.

ఈ మూడింటిలోనూ నాకు కనిపించింది ఒకటే. పేరు పెట్టిన కవో పూజారో ఎవరో మనకి తెలిసినా తెలియకపోయినా, ఆ పేరుతో పిలిచేవాళ్లెవరో తెలుసు. ఎందుకు పిలుస్తారో తెలుసు. పిల్లాడికి జ్వరం, వాన రాలేదు, మొగుడు తాగొచ్చి కొడుతున్నాడు. దేవత పేరు మొదట ఒక పిలుపు. నిఘంటువులోకి ఎక్కేది ఆ తర్వాత.

నా జాబితాలోని జలకేశినిని పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఆ పేరు నేను పాఠకుడికి చూపించడానికి పెట్టింది. నవలలో ఒక ముసలావిడ వణుకుతూ "జలకేశినీ, నా మనవణ్ణి వదిలెయ్" అంటుందా? అనదు. నోరే తిరగదు. కానీ ఆ తోడికోడలి పేరుతో అనొచ్చు. ఎందుకంటే ఆ పేరుతో ఒకప్పుడు నిజంగానే పిలిచారు. "అన్నం పెట్టవే" అన్నారు, "నీళ్లు తోడవే" అన్నారు, ఆ రాత్రి చీకట్లో ఎవరో గొంతు చించుకుని అరిచే ఉంటారు. నాకు నచ్చిన ఆ బరువు ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. ఆ పేరుని వాడుకుని, పిలిచినవాళ్లని వదిలేశాను.

* * *

తెలుగు ఫాంటసీకి పేర్లు పెట్టడంలో పెద్దదిక్కు పింగళి నాగేంద్రరావే. బందరులో పెరిగినవాడు. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’ పేరు చూడండి. పాతాళం మనకి తెలుసు, భైరవి తెలుసు. రెండూ కలిపేసరికి ఎప్పట్నుంచో ఉన్న దేవతే అనిపిస్తుంది. ఆవిడ చేసే పని అల్లాఉద్దీన్ దీపంలోని భూతం చేసేదే, కోరింది తెచ్చిపెట్టడం. కానీ పింగళి ఆ పేరుని గాల్లో వదల్లేదు. ఆవిడకి ఏం కావాలో కథ మొదట్లోనే తేల్చేశాడు: సాహసవంతుడైన యువకుడి బలి. ఆవిడని పిలిచే మాంత్రికుడున్నాడు, అతనికో ఆశ ఉంది, ఆ ఆశకో ధర ఉంది. అందుకే ఆ పేరు నిలబడింది.

‘మాయాబజార్’ (1957)లో ఇంకో తమాషా చేశాడు. రాక్షసులకి లంబు, జంబు, చిన్నమయ అని ఇంట్లో పిల్లల్ని పిలుచుకునే పేర్లలాంటివి పెట్టాడు. కొత్త మాటలు పుట్టించే హక్కు కూడా వాళ్లకే ఇచ్చాడు. మాటలు ఎవరో ఒకరు పుట్టిస్తేనే పుడతాయని తేల్చింది ఏ మహర్షో కాదు, ఘటోత్కచుడు. మాట పుట్టించినవాడికి వీరతాడు వేయించాడు కూడా. మనం ఆ రాక్షసుల్ని చూసి భయపడం, వాళ్లతో కలిసి నవ్వుతాం.

ఇది గుర్తొచ్చి నా నోట్‌బుక్ మళ్లీ తీశాను. నా లోకంలో మంచి దేవతలు పదకొండుమంది. అందరివీ సంస్కృతం పేర్లే: జ్యోతిష్మతి, ఋతపాలుడు, ఆర్ద్ర. దుష్టశక్తులు ఏడు. ఏడింటికీ తెలుగు పేర్లు. ఐదింటి చివర అమ్మ, రెండింటి చివర అయ్య. ఎవరూ చెప్పకుండా, ఆలోచించకుండా చేసిన పని అది. వెలుగుకి ఒక భాష, చీకటికి ఒక భాష. ఇంద్రకీలాద్రి మెట్లెక్కి వెళ్లే దేవత దేవత, ఊరి చివర వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి శక్తి, భూతం, గాలి. కులం గురించి ఎన్నో వ్యాసాలు చదివాను, షేర్ చేశాను. నా ఊహ మాత్రం ఎక్కడ నేర్చుకుందో అక్కడే ఉంది.

బడిలో ప్రకృతి వికృతులు బట్టీ పట్టాం కదా, దైవం ప్రకృతి, దయ్యం వికృతి. పాత తెలుగులో దయ్యమంటే దైవమనే అర్థం. మాట ఒకటే. సంస్కృతం రూపంలో ఉన్నది గుళ్లో ఉండిపోయింది, తెలుగు నోట నలిగింది స్మశానానికి చేరింది. నా నోట్‌బుక్‌లో జరిగింది కూడా ఇదే.

ఇదే కృష్ణా జిల్లా నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’లో ఇంకో దారి పట్టాడు. ఊరు ఊహించాడు, సుబ్బన్నపేట. దేవుణ్ణి మాత్రం ఊహించలేదు. మోపిదేవిలో పుట్టమీద కొలువైన సుబ్రహ్మణ్యేశ్వరుడు మనందరికీ తెలుసు, మన ఇళ్లలో సగంమంది సుబ్బారావులు, సుబ్బమ్మలు ఆయన పేరే. ఆ దేవుణ్ణే తీసుకెళ్లి, వేయి పడగల పాముగా ఆ ఊళ్లో ప్రతిష్ఠించాడు. పైరుగాలితో కలిసి తిరిగే, మనిషో ప్రకృతో తెలియని పాత్రకి పసిరిక అని పేరు పెట్టాడు. పసిరిక పాము పొలాల్లో తిరిగే పచ్చపాము. ఆ నవల చెప్పే ధర్మంతో నాకు పెద్ద పేచీయే ఉంది. పుట్టుకని బట్టి మనిషి చోటు నిర్ణయించే లోకం నాకొద్దు. కానీ పేరు పెట్టడంలో ఆయన పడిన జాగ్రత్త నేను పడలేదని ఒప్పుకోవాలి. పసిరిక అనే పేరు వినగానే ఏ గట్టు మీద, ఏ పచ్చదనంలో వెతకాలో తెలుస్తుంది.

బయటి లోకంలోనూ ఈ రెండు దారులూ ఉన్నాయి. 1905లో లార్డ్ డన్సేనీ ‘ది గాడ్స్ ఆఫ్ పెగానా’లో ఒక దేవతాగణాన్నే చెవికింపైన పేర్లతో పుట్టించాడు. చదువుతుంటే బాగుంటుంది. మూసేశాక ఒక్క దేవుడూ వెంట రాడు, నాకైతే రాలేదు. టోల్కీన్ ముందు భాషలు కట్టుకుని, వాటిలోంచి పేర్లు తీశాడు. టెరీ ప్రాచెట్ ‘స్మాల్ గాడ్స్’ (1992)లో ఓమ్ అనే మహాదేవుడు లోకంలోకి దిగేసరికి తాబేలైపోయి ఉంటాడు. గుళ్లున్నాయి, పూజారులున్నారు, పేరు మార్మోగుతోంది. నిజంగా నమ్మేవాడు మాత్రం ఒక్కడే మిగిలాడు. నవ్విస్తూ చెప్పినా, పిలిచేవాళ్లు లేని పేరు ఎంత చిన్నదైపోతుందో ఇంతకన్నా బాగా చెప్పినవాళ్లని నేను చదవలేదు.

* * *

మా స్నేహితుడు ఒప్పుకోలేదు. "ఇలా మొదలుపెడితే ఎవరూ ఏమీ రాయలేరు. ప్రతి పేరూ ఎవరో ఒకరిదే. రేపు ఎవడో వచ్చి మనోభావాలు దెబ్బతిన్నాయంటాడు, అప్పుడు నువ్వు వాడి పక్కన నిలబడతావా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. నిలబడను. పుస్తకాన్ని ఆపమనేవాళ్ల పక్కన ఎప్పటికీ నిలబడను. కానీ ఒక సంగతి నన్ను నేను అడిగి చూసుకున్నాను. మనుషుల్ని ముంచే రాక్షసికి కనకదుర్గ పేరు పెట్టాలని నాకెందుకు తోచలేదు? తోచినా పెట్టను. గొడవవుతుందని తెలుసు. ఏ కమిటీ లేని, కేసు వేసేవాళ్లు లేని, ఒకింటి చేటలో ఏడాదికోసారి ఒక చీర మాత్రమే అందుకునే పేరుని తీసుకున్నాను. నేను స్వేచ్ఛ అనుకున్నదాంట్లో ఒక లెక్క ఉంది. ఎవరిని తాకితే నాకేమీ కాదో వాళ్లనే తాకాను. మనోభావాల పేరుతో అరిచేవాళ్లకి జవాబు చెప్పడం తేలిక. అరవని అమ్మమ్మకి చెప్పడమే కష్టం.

ఇంకో వాదన ఉంది, అది దీనికన్నా గట్టిది. మన గ్రామదేవతలు మెత్తనివాళ్లేం కాదు కదా. పోలేరమ్మకి కోపమొస్తే ఊళ్లో పిల్లలు మిగలరంటారు. గంగానమ్మని తలుచుకుని భయపడని ముసలాళ్లు లేరు. భక్తులే ఆ తల్లిని అంత భయంకరంగా చెప్పుకుంటుంటే, నేను నాలుగు పేజీల్లో మనుషుల్ని ముంచే శక్తిగా రాస్తే తప్పేమిటి?

భయంకరంగా రాయడం తప్పు కాదనే అనుకుంటున్నాను. కానీ భయపడేవాళ్లే ఆవిణ్ణి అమ్మ అంటారు. రోగం పంపినావిడే తగ్గిస్తుంది. పసుపునీళ్లు, వేపాకు, చలిమిడి, పెరుగన్నం. కోపగించుకోవడానికి ఆవిడకో కారణం ఉంటుంది, శాంతించడానికో దారి ఉంటుంది. నా నవలలో శక్తికి ఆకలి మాత్రమే ఉంది. భయం సగం ఉంచుకుని అమ్మ సగం కత్తిరించేశాను. తిరుపతమ్మ కథ కట్టినవాళ్లు బాధపడిన ఒక మనిషిని తీసుకుని దేవతని చేశారు. నేను సరిగ్గా దానికి ఎదురు పని చేశాను.

ఊహించిన పేర్లు పుస్తకంలోనే పడి ఉంటాయన్న ధీమా కూడా వద్దు. 1975లో ‘జై సంతోషీ మా’ సినిమా వచ్చింది. పురాణాల్లో పెద్దగా కనిపించని ఆ దేవతకి దేశమంతా శుక్రవారం వ్రతాలు మొదలయ్యాయి. నా నవల అంత దూరం వెళ్లదు, తెలుసు. కానీ పేరు పెట్టేవాడి చేతుల్లో ఏముందో తెలుసుకోవడానికి అదొక్కటి చాలు.

కాబట్టి ప్రస్తుతానికి నేను చేరుకున్న చోటు ఇది. దేవుళ్లకి పేర్లు పుట్టించొచ్చు. ఘటోత్కచుడు చెప్పిందే న్యాయం. కానీ పేరుతో పాటు పిలిచేవాళ్లని కూడా పుట్టించాలి. వాళ్లకి ఒక కష్టం ఇవ్వాలి, ఆ కష్టంలో నోట్లోంచి రాగలిగే పేరు ఇవ్వాలి. అరువు తెచ్చుకుంటే ఆ పనంతా అప్పటికే ఎవరో చేసి ఉంటారు. అందుకే అరువు పేరు అంత బాగా పలుకుతుంది. ఆ పని చేసినవాళ్లు ఇంకా బతికుంటే, పక్కగదిలోనే ఉంటే, వెళ్లి అడగాలి.

నేను ఆలస్యంగా అడిగాను. ఆ పేరు తీసేశానని చెప్పి, "మరి ఏం పెట్టమంటావు అమ్మమ్మా?" అన్నాను.

"పేరెందుకే? ఆ రాత్రి దానికి ఎవరం పేరు పెట్టలేదు. 'వచ్చేసింది, వచ్చేసింది' అన్నాం, అంతే."

ఇప్పుడు నా లంకలో మనుషులు ఆ శక్తిని ‘వచ్చినమ్మ’ అంటున్నారు. అసలు పేరు ఎవరికీ తెలియదు. తెలిసినా పలకరు. మంచి దేవతల జాబితా, చెడ్డశక్తుల జాబితా కలిపి చించేశాను. కొత్తగా రాసిన పదిహేను పేజీలు పోయిన వారం అమ్మమ్మకి చదివాను. ఈసారి ఆపకుండా విన్నది. అయ్యాక ఒక్కటే అడిగింది.

"బానే ఉందే. ఇంతకీ దానికి వాళ్లు ఏం పెడతారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ అధ్యాయం ఇంకా రాయలేదు.